కుక్కా – కెమేరా

కెమేరా కొనడమూ, పిల్లకు సంబంధం చూడడమూ ఇంచుమించు ఒక్కటే. కొందామనుకుంటున్నామన్న మాట గుమ్మం దాటిందో లేదో, ఊళ్ళోవాళ్ళందరూ పెద్దమనుషులై కూర్చుంటారు. "మావాడిది చూడండి, నిక్షేపంలా ఉంది" అని ఒకరు. "ఆ కంపెనీదా? వద్దు, వద్దు! మా తోడల్లుడు తీసుకుని లబోదిబోమంటున్నాడు" అని మరొకరు. చెప్పేవాళ్ళే గాని, "ఇంతకీ మీరు దేన్ని ఫొటో తీస్తారండీ?" అని అడిగే పుణ్యాత్ముడు ఒక్కడూ కనపడడు.

నిజానికి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే. పీటల మీద కూర్చున్న వధూవరులు కదలరు. కదిలితే పురోహితుడు ఊరుకోడు. కొండల సంగతీ, గోపురాల సంగతీ చెప్పనే అక్కర్లేదు. వాటికి ఏ కెమేరా అయినా ఒకటే. మాకు కావలసిందల్లా పరుగెత్తే కుక్కను పట్టే కెమేరా. కుక్కకు ఫొటో తీస్తున్నారన్న గౌరవం ఎంతమాత్రమూ ఉండదు. "కాస్త ఆగమ్మా" అంటే ఆగదు. ఆగితే ఇక ఆ ఫొటోతో మాకు పనే లేదు.

"మాకు" అన్నానే గాని అసలు అవసరం మా బావమరిదిది. అతను కుక్కలకు చదువు చెబుతాడు. పోలీసు కుక్కలకు మొయినాబాదులో శిక్షణ ఇస్తారని మీరు చదివే ఉంటారు. మావాడిది అంత పెద్ద వ్యవహారం కాదు. హైదరాబాదు పొలిమేరలో ఒక ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని, ఇళ్ళల్లో పెంచుకునే కుక్కలకు కూర్చోవడం, నిలబడడం, పిలిస్తే రావడం, అడ్డుకర్ర మీంచి దూకడం, గుడ్డ గొట్టంలోంచి దూరి బయటికి రావడం, వరసగా పాతిన కర్రల మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతూ పరుగెత్తడం నేర్పుతాడు. కొట్టడు, తిట్టడు. చేతిలో బిస్కట్టుముక్క, నోట్లో మంచిమాట – అంతే అతని బెత్తం.

ఒక ఆదివారం ఇంటికి వచ్చి, "బావగారూ, నాకో కెమేరా ఎంచిపెట్టాలి. మీకు ఆ పిచ్చి ఎప్పటినుంచో ఉందిగా" అన్నాడు.

"ఎందుకోయ్? చేతిలో ఫోను ఉందిగా?"

"ఫోనుతో తీస్తే కుక్క రావడం లేదండీ. కుక్క వెళ్ళిన జాడ వస్తోంది."

సంగతేమిటంటే, అతని దగ్గర కాటుక అని ఒక నల్ల లాబ్రడార్ ఉంది. రెండేళ్ళది. ("కుక్కకు కాటుక అని పేరేమిట్రా, కాటు వేస్తుందని ముందే చెప్పినట్టు!" అని మా ఆవిడ వేళాకోళం.) అన్నిట్లోనూ ముందుండే ఆ కుక్క నెల రోజులుగా దూకేటప్పుడు అడ్డుకర్రను తన్నేస్తోంది. ఒక్కొక్కప్పుడు కర్ర దగ్గరికి వచ్చి, దూకకుండా పక్కనుంచి తప్పుకుపోతోంది. అది బద్ధకమో, మొండితనమో మావాడికి అంతుపట్టలేదు. యజమానేమో, చదువు ఒంటబట్టకపోతే ఊళ్ళో ఉన్న మామిడితోటకు కాపలాగా పంపేస్తానన్నాడు. అంటే ఇక జన్మంతా గొలుసూ, గుంజా అన్నమాట.

"దూకినప్పుడు దాని కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో ఒక్కసారి చూడగలిగితే బాగుండును. కంటికి ఆనడం లేదు" అన్నాడు.

కంటికి ఆనకపోవడం కొత్త కాదు. గుర్రం పరుగెత్తేటప్పుడు ఏదో ఒక క్షణంలో నాలుగు కాళ్ళూ నేలను విడిచి ఉంటాయా, ఉండవా అని వెనక పెద్ద పెద్ద వాళ్ళే వాదించుకున్నారు. గుర్రాలతో పుట్టి పెరిగినవాళ్ళు సైతం తేల్చలేకపోయారు. చివరికి 1878లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లేలండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనికుడి గుర్రాన్ని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు వరసగా 12 కెమేరాలు పెట్టి తీశాడు. దారికి అడ్డంగా కట్టిన దారాలు గుర్రం తగలగానే లాగబడి, ఒకదాని తరవాత ఒకటిగా కెమేరాలు పనిచేశాయి. నాలుగు కాళ్ళూ నేలను విడిచిన మాట నిజమే! అయితే చిత్రకారులు గీసినట్టు కాళ్ళు ముందుకూ వెనక్కూ బారజాపి కాదు, పొట్ట కిందికి ముడుచుకుని. తరవాత 1887లో ఆయన ప్రచురించిన 781 చిత్రఫలకాలలో కుక్కలు కూడా ఉన్నాయి. ఆయనకు 12 కెమేరాలు కావలసి వచ్చాయి. మనకు ఒకటి చాలు. కాని అది ఎటువంటిది?

ముందు లెక్క చూసుకోవాలి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే కుక్క సెకనుకు 10 మీటర్లు పోతుంది. కెమేరా రెప్ప 1/60 సెకను తెరుచుకుని ఉందనుకోండి, ఆలోగా కుక్క జానెడు దూరం – 16 సెంటీమీటర్లకు పైగా – జరిగిపోతుంది. ఆ జానెడు మేరా ఫొటోలో పొగలా పరుచుకుంటుంది. 1/1000 సెకను అయితే జరిగేది ఒక్క సెంటీమీటరు. 1/2000 అయితే అరసెంటీమీటరు. పంజాలు ఒంటికన్నా వడిగా కదులుతాయి గనక, కాళ్ళు స్పష్టంగా కావాలంటే 1/1000కి తక్కువ పనికిరాదు. 1/2000 ఉంటే మరీ మంచిది.

మరి ఫోను ఎందుకు చేయలేదూ అంటారేమో. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫోనూ చేస్తుంది. ఆ మాటకొస్తే ఎండలో అన్ని కెమేరాలూ మంచివే. చిక్కు ఎక్కడంటే, కుక్కలకు చదువు మిట్టమధ్యాహ్నం ఉండదు. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దానికి ముఖ్యమైన ఉపాయం. మన ఎండల్లో పరుగెత్తిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత పాఠాలన్నీ తెల్లవారుజామునో, పొద్దుగూకే వేళో. అంటే, ఎక్కువ వెలుగు కావలసిన పనిని వెలుగు లేని వేళ చెయ్యాలన్నమాట! ఆ మసక వెలుతురులో ఫోను ఏం చేస్తుందంటే, రెప్ప ఎక్కువసేపు తెరిచి ఉంచి, నాలుగైదు ఫొటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకటిగా చూపిస్తుంది. కదలని గోపురానికి అది దివ్యంగా పనిచేస్తుంది. కుక్క మాత్రం పొగయి పోతుంది.

ఇది తెలిసిన తరవాత దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు మర్యాదస్థుడే గాని, "ఇందులో 45 మెగాపిక్సెళ్ళు ఉన్నాయి సార్!" అన్న ఒక్క మంత్రమే జపిస్తాడు. అంటే 4 కోట్ల 50 లక్షల చుక్కలు. ఏ4 కాగితం నిండా చక్కగా అచ్చు వెయ్యడానికి 90 లక్షల చుక్కలు చాలు. పొగలాంటి కుక్కను నాలుగున్నర కోట్ల చుక్కలతో తీస్తే నాలుగున్నర కోట్ల చుక్కల పొగే వస్తుంది. చుక్కల లెక్క మా జాబితాలో అట్టడుగుకు దిగిపోయింది.

పైకి వచ్చింది లెన్సు. లెన్సు కంటిపాప ఎంత విచ్చుకుంటుందో చెప్పే అంకెను 'ఎఫ్' అంటారు. ఇదొక విచిత్రమైన లెక్క – అంకె తగ్గినకొద్దీ పాప పెద్దదవుతుంది. 5.6 నుంచి 2.8కి దిగితే లోపలికి వచ్చే వెలుగు రెట్టింపు కాదు, నాలుగింతలు. కెమేరాతోపాటు ఇచ్చే చవకరకం లెన్సు, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగేసరికి సాధారణంగా 5.6కో, అంతకు పైకో పోతుంది. ఫోటోగ్రాఫర్లు "డెబ్భై–రెండువందల" అని పిలిచే పెద్ద లెన్సు మొదటినుంచి చివరిదాకా 2.8 దగ్గరే ఉంటుంది. బరువు దాదాపు కిలోన్నర! ధరకు తగ్గ బరువే అనుకోండి.

హైదరాబాదులో కెమేరాలూ, లెన్సులూ రోజుకింత అని అద్దెకిచ్చేవాళ్ళున్నారు. కొనేముందు రెండు రకాల లెన్సులూ ఒకరోజు అద్దెకు తెచ్చి, సూర్యుడు ఇంకా చెట్ల వెనక ఉండగానే మైదానంలో పరీక్షించాం. 1/1000 సెకను రావాలంటే 5.6 లెన్సుకు ఐఎస్ఓ 6400 పెట్టవలసి వచ్చింది. 2.8 లెన్సుకు 1600 సరిపోయింది. ఐఎస్ఓ అంటే దొరికిన కొద్దిపాటి వెలుగును పెంచి చూపే మీట. అది పెరిగినకొద్దీ ఫొటో మీద ఇసక చల్లినట్టవుతుంది. పచ్చిక మీద ఇసక పడితే ఫరవాలేదు గాని, నల్లకుక్క ఒంటి మీద పడితే కాలెక్కడో, నీడెక్కడో తెలియదు. లెన్సు సంగతి అక్కడే తేలిపోయింది.

ఇక కెమేరా. ఇందులో చూడవలసింది గురి. పది మీటర్ల దూరంలో, 200 మిల్లీమీటర్ల దగ్గర, ఆ 2.8 లెన్సు స్పష్టంగా చూపే లోతు మూరెడుకు అటూ ఇటూ. కుక్క ముక్కు స్పష్టంగా ఉంటే తోక మసక. ఎదురుగా దూసుకొచ్చే కుక్క సెకనులో పదోవంతుకు ఒక మీటరు వచ్చేస్తుంది. కెమేరా సెకనుకు 10 ఫొటోలు తీస్తోందనుకుంటే, ఒక ఫొటోకూ మరో ఫొటోకూ మధ్య కుక్క ఆ లోతును దాటేసి ఉంటుంది. అందుచేత కెమేరా ప్రతి క్షణమూ గురి మార్చుకుంటూ ఉండాలి. ఆ ఏర్పాటును కానన్ వాళ్ళు 'సర్వో' అంటారు, నైకాన్, సోనీ వాళ్ళు 'ఏఎఫ్–సి' అంటారు. పేరు ఏదయితేనేం, అది చురుగ్గా పనిచేస్తుందా, లేదా అన్నదే కెమేరాకు అసలు పరీక్ష.

అద్దం లేని కొత్తరకం కెమేరాలు – మిర్రర్‌లెస్ అంటారు – ఈ విద్యలో ఆరితేరాయి. 2019లో సోనీ, 2020లో నైకాన్, కానన్ తమ కెమేరాలకు జంతువులను గుర్తుపట్టడం నేర్పాయి. అవి కుక్క కన్ను ఎక్కడుందో తామే వెతికి పట్టుకుని, అది పరుగెత్తుతున్నంతసేపూ వదలవు. మన పిల్లలు పాఠం మీద అంత దృష్టి పెడితే ఎంత బాగుండునో! డబ్బుకు వెనకాడనివాళ్ళు కళ్ళు మూసుకుని అవి కొనుక్కోవచ్చు.

అయితే వాటితో ఒక జాగ్రత్త ఉంది. చప్పుడు కాకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టరు అని ఒకటి పెడతారు. చప్పుడుకు కుక్క బెదరదు గనక మంచిదే కదా అనిపిస్తుంది. కాని చాలా కెమేరాలలో అది దృశ్యాన్ని ఒక్కసారిగా కాక, పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. ఆ చదివేలోగా కుక్క జరిగిపోతుంది. కుక్కతోపాటు కెమేరాను తిప్పితే నిటారుగా పాతిన కర్రలు ఏటవాలుగా పడతాయి. కుక్కతోక వంకర అని లోకం అంటుంది గాని, ఇక్కడ తోక తిన్నగానే ఉంది, కర్రలు వంకరపోయాయి! కాళ్ళు ఎలా పడుతున్నాయో తేల్చుకోవలసిన ఫొటోలో కాళ్ళే వంకరగా వస్తే ఏం లాభం? మామూలు షట్టరు పెట్టి, టకటకమని చప్పుడయితే అవనివ్వండి. రెండు రోజుల్లో కుక్కలకు అలవాటైపోతుంది. ఫ్లాషు మాత్రం వద్దు. దూకుతున్న కుక్క కళ్ళలో మెరుపు కొట్టడం న్యాయం కాదు.

ఇంతవరకూ విని మా ఆవిడ, "ఏమండీ, వాడి సంపాదన ఎంత, మీరు చెప్పే బేరం ఎంత? లెన్సు మీద డబ్బు పోసి కెమేరాకు అప్పు చేస్తాడా?" అంది. మా ఇంట్లో ఆర్థికశాఖ ఆవిడది. ఆ ప్రశ్నే దారి చూపింది. లెన్సులు పదేళ్ళయినా పనికొస్తాయి. కెమేరాలేమో ఏటేటా పాతబడతాయి. అందుచేత కొత్తదనం మీద మోజు లేనివాడికి వాడిన కెమేరాల బజారు కల్పవృక్షం. 2014లో వచ్చిన కానన్ 7డి మార్క్ 2, 2016లో వచ్చిన నైకాన్ డి500 – రెండూ సెకనుకు 10 ఫొటోలు తీస్తాయి. పరుగెత్తే వాటి కోసమే తయారైన అద్దం కెమేరాలు. అవి కుక్క కన్నును వెతికిపెట్టవు. ఆ పని మన చెయ్యి నేర్చుకోవాలి. కుక్కలకు చదువు చెప్పేవాడికి తన చేతికి చదువు చెప్పుకోవడం కష్టమా?

డి500 ఖాయం చేశాం. వాడిన సరుకు కొనేటప్పుడు రెండు చూడాలి. ఒకటి, షట్టరు ఎన్నిసార్లు పడిందన్న లెక్క. ఈ కెమేరా షట్టరును 2 లక్షల సార్ల వరకూ కంపెనీ పరీక్షించింది గనక, పాతికముప్ఫై వేలు దాటని దాన్ని ఏరుకున్నాం. రెండోది, లెన్సు లోపలి బూజు. లెన్సుకు ఒక పక్కనుంచి టార్చిలైటు వేసి, రెండో పక్కనుంచి చూస్తే సాలెగూడులాంటి పోగులు కనపడతాయి. కనపడితే దణ్ణం పెట్టి వచ్చేయడమే. విశాఖ, కాకినాడల్లాంటి సముద్రపుటూళ్ళలో ఉండేవాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోవాలి.

కాటుకను తియ్యడంలో మరో రెండు తమాషాలు తెలిశాయి. కెమేరాకు లోకమంతా బూడిదరంగులో ఉండాలని కోరిక. నల్లకుక్క ఎదురుపడితే చీకటనుకుని, వెలుగు ఎక్కువ చేసి, బూడిదకుక్కను చేస్తుంది. కుక్క ఫొటో నిండా ఉంటే వెలుగు ఒక మెట్టు మనమే తగ్గించాలి. పైగా నున్నని నల్లటి ఒంటి మీద గురి నిలవదు. పట్టుకోవడానికి ఒక గీతో, అంచో ఉండాలి. మెడకు ఎర్రని పట్టీ కట్టమన్నాను. అప్పటినుంచి గురి పట్టీ మీద బంకలా అతుక్కుంది.

మూడు ఉదయాలు మావాడు కుక్కను దూకించాడు. అడ్డుకర్రకు పక్కగా, చాప పరుచుకుని బోర్లా పడుకుని నేను తీశాను. కుక్క కాళ్ళు చూడాలంటే కుక్క ఎత్తుకు దిగక తప్పదు. మొత్తం నలభై దూకుళ్ళు, నాలుగువందల పైచిలుకు ఫొటోలు. మూడో రోజు సాయంత్రం వాటిని కంప్యూటరులో వరసపెట్టి చూశాం. కుక్క నేలమీదికి దిగేటప్పుడు ముందరి కాళ్ళు రెండూ ఒక్కసారే ఆనవు. ఒకటి ముందు, వెన్వెంటనే రెండోది. అది మామూలే. మిగతా కుక్కల ఫొటోలలో ఒకసారి కుడికాలు ముందు, ఒకసారి ఎడమకాలు ముందు. కాటుకది మాత్రం నలభై సార్లూ ఎడమకాలే. ఒంటి బరువంతా దాని మీదే. కుడిపంజా గాలిలో ముడుచుకుని ఉండి, చివరికి అలా తగిలీ తగలనట్టు నేలను తాకుతోంది. నడిచేటప్పుడు కుంటు లేదు. పరుగులో కుంటు లేదు. ఆ వెయ్యోవంతు సెకనులో మాత్రమే ఉంది.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇది మొండితనం కాదండీ" అన్నాడు. అంతే.

మర్నాడు ఫొటోలతో సహా పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాడు. ఆయన కుడికాలి మణికట్టు దగ్గర వేలుపెట్టి నొక్కితే, కిక్కురుమనని కుక్క కాలు లాక్కుంది. బెణుకు. పైకి వాపు లేదు. ఆరువారాలు దూకుళ్ళు మానిపించి, ఆ తరవాత జానెడు ఎత్తుతో మళ్ళీ మొదలుపెట్టమన్నారు. యజమానికి మాటలతో చెబితే నమ్మేవాడో లేదో గాని, ఫొటో చూసి మాట్లాడకుండా ఊరుకున్నాడు. తోట ప్రసక్తి మళ్ళీ రాలేదు.

మీరూ పరుగెత్తే కుక్క కోసం కెమేరా కొనేటట్టయితే నేను మనవి చేసేది ఇంతే. కొనేముందు దాన్ని ఒక్కరోజయినా అద్దెకో, అరువుకో తెచ్చి, ఏ వేళప్పుడు మీ కుక్క పరుగెత్తుతుందో ఆ వేళకే మైదానానికి తీసుకుపోండి. దుకాణంలో దీపాల కింద అన్ని కెమేరాలూ రంభలే. ఉన్న డబ్బులో పెద్దవాటా లెన్సుకు ఇవ్వండి, తరవాతి వాటా గురికి, మిగిలితే చుక్కలకు. ఒక చాప మాత్రం మరచిపోకండి. తెల్లవారుజామున పచ్చిక మీద మంచు ఉంటుంది.